జ్వరం దిగిన రోజే కనిపెట్టుకుని ఉండండి

వానలు పడ్డ దగ్గర్నుంచీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం జ్వరాల మీదే. అందుకని ఈసారి షుగరు, మోకాళ్ల నొప్పుల ఉత్తరాలు పక్కన పెట్టి, దోమల వల్ల వచ్చే జ్వరాల గురించి అడిగినవాటికే జవాబులు రాస్తున్నాను. నేను ప్రభుత్వ వైద్యురాలిగా పనిచేసి రిటైరయ్యాను. మొదటి పోస్టింగు పాడేరు వైపు ఏజెన్సీలో, చివరిది కోస్తాలో ఒక పెద్దాస్పత్రిలో. కొండ మీద మలేరియా వార్డూ చూశాను, కిందికి వచ్చాక డెంగీ వార్డూ చూశాను. పుస్తకంలో ఉన్నదానితో పాటు ఆ వార్డుల్లో చూసింది కూడా రాస్తాను.

డాక్టరుగారూ, మొన్న మా తమ్ముడికి డెంగీ వచ్చింది. నాలుగు రోజులు ఒళ్లు కాలిపోయింది. ఐదో రోజు జ్వరం పోయింది, గండం గడిచిందనుకున్నాం. అదే రోజు ప్లేట్‌లెట్లు 62 వేలని రిపోర్టు వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. దాతల కోసం వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాం. బొప్పాయి ఆకు రసం, కివీ పళ్లు, మేకపాలు, ఎవరేం చెబితే అది పట్టించాం. ఏమీ ఎక్కించకుండానే తగ్గింది. ఇందులో ఏది పనిచేసింది? రెండోసారి వస్తే ప్రమాదమంటున్నారు, నిజమేనా?
— ఒక అక్క, తెనాలి

అమ్మా, మీ తమ్ముణ్ణి లేపి కూర్చోబెట్టింది అతని ఒంట్లోని శక్తే. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, వారం దాటేసరికి వాటంతటవే పెరగడం జబ్బు నడకలోనే ఉంది. బొప్పాయి ఆకు రసం తాగినవాళ్లకీ పెరుగుతాయి, తాగనివాళ్లకీ పెరుగుతాయి. ఆ రసంతో ప్లేట్‌లెట్లు కాస్త తొందరగా పెరిగినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది కానీ, డెంగీలో ప్రాణం మీదికి తెచ్చే అసలు సంగతిని అది ఆపుతుందని రుజువు కాలేదు. పైగా ఆ చేదుకి వాంతి చేసుకుంటే ఒంట్లో ఉన్న నీళ్లు కూడా పోతాయి.

ఆ అసలు సంగతి ప్లేట్‌లెట్లు కాదు. రక్తనాళాల గోడలు వదులై, రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, కొత్త కుండ చెమర్చినట్టు బయటికి ఊరిపోతుంది. పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ జారిపోతుంది. ఇదంతా జ్వరం 104 ఉన్నప్పుడు జరగదు. జ్వరం దిగుతున్నప్పుడు మొదలవుతుంది. మామూలుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్యన, 24 నుంచి 48 గంటల పాటు ఈ గండం ఉంటుంది. మీరు గండం గడిచిందనుకున్న ఐదో రోజే, నిజానికి అది మొదలయ్యే రోజు.

ఒక తాపీమేస్త్రీ నాకెప్పుడూ గుర్తొస్తాడు. జ్వరం తగ్గింది కదా, కూలి పోతుందని ఐదో రోజు పనిలోకి వెళ్లాడు. మధ్యాహ్నానికి కడుపునొప్పి, రెండు వాంతులు. ఎండకి అనుకున్నారు. సాయంత్రం ఆస్పత్రికి తెచ్చేసరికి చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయి, నాడి అందడం లేదు. మనిషికి తెలివుంది, మాట్లాడుతున్నాడు కూడా, అందుకే ఇంట్లోవాళ్లకి అంత ప్రమాదమని తోచలేదు. అతని ప్లేట్‌లెట్లు మీ తమ్ముడి కంటే ఎక్కువే ఉన్నాయి! రాత్రంతా సెలైన్ లెక్కచూసి ఎక్కిస్తే తెల్లవారేసరికి మూత్రం వచ్చింది. బతికాడు. అప్పట్నుంచీ వార్డులో ప్రతి పేషెంటు తాలూకు మనిషినీ మొదట ఒకటే అడిగేదాన్ని: జ్వరం ఎన్నో రోజు? చాలామంది చెప్పలేరు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా జ్వరం మొదలైతే, ఆ తేదీని గోడ కేలెండరు మీద రాసిపెట్టండి. డాక్టరుకి ఆ ఒక్క గీత ఎంత సాయమో చెప్పలేను.

జ్వరం దిగాక రెండు రోజులు మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, విపరీతమైన నీరసం లేదా ఉన్నచోట ఉండలేని చిరాకు, చేతులు చల్లబడటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రిపోర్టు కోసం ఆగొద్దు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆడవాళ్లకి నెలసరి ఎక్కువగా అవడం కూడా ఇందులోకే వస్తుంది. సిగ్గుపడి చెప్పరు. మీరే అడగండి.

రిపోర్టు చూసేటప్పుడు ప్లేట్‌లెట్ల వరుస ఒక్కటే చూడకండి. అదే కాగితం మీద పీసీవీ అని ఇంకో అంకె ఉంటుంది. రక్తం ఎంత చిక్కబడిందో అది చెబుతుంది. ప్లేట్‌లెట్లు దిగుతూ పీసీవీ ఎక్కుతుంటే ప్లాస్మా ఊరిపోతోందని అర్థం. రక్తస్రావం లేనివాళ్లకి 10 వేల లోపుకి పడితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని మన జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 62 వేలకి దాతల కోసం పరిగెత్తే శ్రమ, ఆ సమయం, మనిషి పక్కన కూర్చుని గుక్కగుక్కగా తాగించడానికి పెడితే ఎంతో మేలు. ఓఆర్‌ఎస్, గంజి, పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇవ్వొచ్చు. బీట్‌రూట్, దానిమ్మ రసాలు ఆ నాలుగు రోజులూ వద్దు. వాంతయితే అది రసమో రక్తమో తెలియక అందరూ కంగారుపడతారు.

మందు పారాసిటమాల్ ఒక్కటే, అదీ ఆరు గంటల ఎడంతో. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టుకోవద్దు. వీటితో కడుపులో రక్తం కారే ప్రమాదముంది. ఊళ్లో "ఒక సూదేసెయ్యండి, రేపటికి తగ్గాలి" అని అడిగితే పడేది చాలాసార్లు డైక్లోఫెనాక్ ఇంజక్షనే. డెంగీ కాదని తేలేదాకా ఆ సూది వద్దని గట్టిగా చెప్పండి.

రెండోసారి మాట నిజం. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోతే దానికి జీవితాంతం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటికీ ఆ రక్షణ కొన్ని నెలలే. తర్వాత వేరే రకం సోకితే జబ్బు ముదిరే అవకాశం మొదటిసారి కంటే ఎక్కువ. ముదిరే తీరుతుందని కాదు. కాకపోతే మీ తమ్ముడు ఇకమీదట ఏ జ్వరమొచ్చినా "నాకు ఫలానా ఏడాది డెంగీ వచ్చింది" అని డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి.

మా అపార్ట్‌మెంటులో మురుగు లేదు, చెత్త లేదు. వారానికోసారి పొగ మిషనుతో పొగ కూడా కొట్టిస్తున్నాం. అయినా ఈ సీజనులో నాలుగిళ్లలో డెంగీ. అందులో ఒకటి నాలుగో అంతస్తు! దోమలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?
— అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్

బయట నుంచి రావడం లేదండీ, మీ భవనంలోనే పుడుతున్నాయి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు మురుగంటే ఇష్టం ఉండదు. మీరు తాగడానికీ వాడుకోవడానికీ పట్టుకున్న శుభ్రమైన నీళ్లే దానికి కావాలి. కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున పూట, మళ్లీ సాయంత్రం చీకటి పడబోయే ముందు. మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది. కాబట్టి మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టిందే అయ్యుంటుంది.

పొగ ఆ నిమిషంలో ఎగురుతున్న దోమల్ని చంపుతుంది. నీళ్లలో ఉన్న లార్వాని, అదే మనం దోమపిల్లలంటాం, ఏమీ చెయ్యదు. రెండు రోజుల్లో కొత్త దోమలు రెక్కలు విప్పుకుని వస్తాయి. బీరువా వెనకా మంచం కిందా దాక్కున్న ఏడిస్‌కి వీధిలో కొట్టిన పొగ అసలు తగలదు. కేసులు వచ్చినప్పుడు ఆ ఇళ్లలోపల కొడితే ఉపయోగం ఉంది. వారం వారం ఆవరణలో కొట్టించే డబ్బుతో ఒక మనిషిని పెట్టి నీళ్లు వెతికించండి.

ఎక్కడెక్కడ వెతకాలో చెబుతాను. ఫ్రిజ్ వెనక కింద నీళ్లు చేరే ట్రే ఉంటుంది, దాన్ని కొన్నప్పట్నుంచీ చూడని ఇళ్లే ఎక్కువ. ఎండాకాలం అయిపోయాక బాల్కనీలో వదిలేసిన కూలరు. మనీప్లాంటు సీసా. పూలకుండీల కింద పళ్లేలు. లిఫ్టు గుంట. సంపు మూత పక్కన చెయ్యి పట్టేంత సందు. డాబా మీద ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయి ఎన్నాళ్లయిందో. మేడ మీద పడేసిన టైర్లు, పెయింటు డబ్బాలు, కొబ్బరి చిప్పలు. పక్కన కొత్త భవనం కడుతుంటే, స్లాబు క్యూరింగుకి కట్టిన నీళ్లూ, వాచ్‌మన్ కుటుంబం నింపుకున్న డ్రమ్ములూ. ఆ కుటుంబాన్ని కసరకండి. నీళ్లు రోజూ రాని చోట డ్రమ్ము నింపుకోక వాళ్లేం చేస్తారు? మూతి మీద కట్టుకోవడానికి మంచి గుడ్డ ఇప్పించండి చాలు.

గుడ్డు నుంచి దోమ కావడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి నీళ్లు పారబోస్తే ఆ చక్రం తెగిపోతుంది. ఆంధ్రలో శుక్రవారం డ్రై డే అన్నా, తెలంగాణలో 2020లో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని మొదలుపెట్టినా లెక్క ఇదే. ఒక్కటి మాత్రం మరిచిపోకండి. నీళ్లు పారబోస్తే సరిపోదు, తొట్టి గోడని పీచుతో గట్టిగా రుద్దాలి. ఏడిస్ గుడ్లు నీటిలో తేలవు, నీటి అంచు దగ్గర గోడకి అంటుకుని ఉంటాయి. తడి లేకపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. ఖాళీ చెయ్యడం కుదరని బావులకీ ఫౌంటెన్లకీ దోమపిల్లల్ని తినే గంబూసియా చేపలున్నాయి. మున్సిపల్ మలేరియా విభాగం వాళ్లని అడగండి.

ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. మలేరియా వచ్చిన పిల్లలకి పద్నాలుగు రోజుల మాత్రలిస్తారు. మూడో రోజుకి జ్వరం పోగానే పిల్లలు మింగడం మానేస్తారు, ఇళ్లకు వెళ్లినవాళ్ల సంగతైతే చెప్పనక్కర్లేదు. అన్ని రోజులు నిజంగా అవసరమా?
— ఉపాధ్యాయుడు, అరకు వైపు నుంచి

మాస్టారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషపడ్డాను. ఆ పిల్లల మాత్రల గురించి ఆలోచించే టీచరున్న బడి అదృష్టం చేసుకుంది.

అన్ని రోజులూ అవసరమే. మన దగ్గర మలేరియా ముఖ్యంగా రెండు రకాలు. వైవాక్స్ పరాన్నజీవి కొంత రక్తంలో ఉంటుంది, కొంత కాలేయంలో దాక్కుని నిద్రపోతుంది. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నదాన్ని చంపుతుంది, అందుకే జ్వరం పోతుంది. కాలేయంలో ఉన్నదాన్ని చంపేది పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. అది సగంలో ఆపేస్తే కొన్ని వారాలకో నెలలకో దోమ కుట్టకుండానే మళ్లీ చలిజ్వరం వస్తుంది. ప్రతిసారీ ఆ పిల్లవాడికి రక్తం తగ్గుతుంది. పరీక్షల ముందు క్లాసులో నిద్రపోయే పిల్లవాణ్ణి బద్ధకస్తుడని తిట్టే ముందు ఒకసారి కనురెప్ప కింద చూడండి, పాలిపోయి ఉంటుంది.

మాత్ర చేతికివ్వకండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక మీ ఎదుట మింగించి, పేరు పక్కన టిక్కు పెట్టండి. ఖాళీ కడుపున వేస్తే కడుపునొప్పి వస్తుంది, మానెయ్యడానికి సగం కారణం అదే. ఒక జాగ్రత్త కూడా ఉంది. జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న పిల్లలకు ప్రైమాక్విన్ పడదు. గిరిజన కుటుంబాల్లో ఈ లోపం కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. మాత్రలు మొదలెట్టాక మూత్రం ముదురు రంగులో వస్తున్నా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపి పీహెచ్‌సీకి పంపండి. గర్భిణులకూ ఏడాదిలోపు పసివాళ్లకూ ఈ మందు ఇవ్వరు.

రెండోది ఫాల్సిపారం. అది కాలేయంలో దాక్కోదు, తిరగబెట్టదు, కానీ చంపేది అదే. జ్వరంతో పిల్లవాడు తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా మెదడుకి ఎక్కినట్టే. నేను ఉన్నప్పుడు డోలీ కట్టుకుని మోసుకొచ్చిన పిల్లల్లో కొందరు బతికారు, కొందరు దారిలోనే పోయారు. తేడా అంతా ఎన్ని గంటలు ఆలస్యమైందన్నదే. ఇప్పుడు ఆశా కార్యకర్త దగ్గర చుక్క రక్తంతో పావుగంటలో తేల్చే కిట్టు ఉంది. మీ హాస్టల్లో ఏ జ్వరమైనా ఆ రోజే, ఆ పూటే పరీక్ష చేయించండి. ఆదివారమని ఆగొద్దు.

దోమతెరలు మందు పూసినవి ఇస్తున్నారు కదా. పరుపు కిందికి నాలుగు వైపులా దోపారో లేదో రాత్రి ఒకసారి చుట్టి రండి. వాటిని తరచూ ఉతకొద్దు, ఉతికినా నీడలో ఆరెయ్యాలి. ఇంకొకటి ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడాలి. గోడలకి మందు కొట్టి వెళ్లాక, పండగొస్తోందని పేడతోనూ మట్టితోనూ అలికేస్తారు. దోమ వాలి చచ్చే మందు ఆ అలుకు కిందికి పోతుంది. అలికే పని ముందు చేసుకోమని, మందు కొట్టే తేదీ వారం ముందే చెప్పించగలిగితే మీ బడి వల్ల ఊరంతటికీ మేలు.

సైన్సు పాఠంలో పిల్లలకి ఇది కూడా చెప్పండి. మలేరియా దోమ వల్ల వస్తుందనే దారి తేలింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టగోడలో ఆ పరాన్నజీవిని చూశాడు. ఆ పనికి ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలు తాగింది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం. దోమకొక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. రాస్ పేరుతో పాటు ఆయన పేరూ మీ పిల్లలకి తెలియాలని నా కోరిక.

నాకు అరవై రెండేళ్లు. చికున్‌గున్యా వచ్చి పోయింది కానీ, నాలుగు నెలలైనా పొద్దున లేవగానే వేళ్లు ముడవలేను. ఒకాయన సూది వేస్తే వారం హాయిగా ఉంది, మళ్లీ మామూలే. ఇది జన్మంతా ఉంటుందా?
— ఒక అమ్మమ్మ, అనంతపురం జిల్లా

ఉండదమ్మా. 2006 ప్రాంతంలో మీ రాయలసీమలో ఊళ్లకు ఊళ్లు ఈ జ్వరంతో మంచాన పడ్డాయి, మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లలో చాలామందికి నెలల్లో నొప్పులు పోయాయి. కొద్దిమందికి ఏడాది, ఇంకా పైన కూడా ఉన్నాయి. మీకు వారం హాయినిచ్చిన సూది స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. ఎంత మోతాదో, ఎన్నాళ్లో చూసేవాళ్లు లేకుండా దాన్ని మళ్లీ మళ్లీ వేయించుకుంటే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. మూడు నెలలు దాటిన నొప్పి కాబట్టి ఒకసారి కీళ్లవాతం డాక్టరుకి చూపించుకోండి. పొద్దున గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి వేళ్లు మెల్లగా ముడుస్తూ తెరుస్తూ ఉండండి. మంచం మీద కదలకుండా ఉంటే ఇంకా బిగుసుకుంటాయి. ఒకసారి వచ్చిన చికున్‌గున్యా సాధారణంగా మళ్లీ రాదు.

మూడు రోజుల జ్వరానికి రక్తం పరీక్ష చేసి టైఫాయిడ్, మలేరియా రెండూ ఉన్నాయన్నారు. సెలైన్లు పెట్టారు, ఎనిమిది వేలయింది. రెండూ ఒకేసారి వస్తాయా?
— కౌలు రైతు, తూర్పు గోదావరి జిల్లా

రావచ్చు, కానీ అరుదు. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ పరీక్ష ఒక్కసారి చేస్తే నమ్మదగింది కాదు, వేరే జ్వరాల్లోనూ పాజిటివ్ చూపిస్తుంది. సరైనది బ్లడ్ కల్చర్. మలేరియాకి స్లైడు గానీ కిట్టు గానీ చేసి ఏ రకమో కాగితం మీద రాసివ్వాలి. "కొంచెం మలేరియా ఉంది" అనే మాటకి అర్థం లేదు. పీహెచ్‌సీలో ఈ పరీక్ష ఉచితం, ముందు అక్కడికి వెళ్లండి. పొలంలో తిరిగేవాళ్లకి ఇంకో మాట. జ్వరంతో పాటు చంకలోనో గజ్జల్లోనో నొప్పి లేని నల్లటి పెచ్చు కట్టిన మచ్చ ఉంటే అది స్క్రబ్ టైఫస్. దోమ కాదు, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి లాంటి పురుగు కుడితే వస్తుంది. డాక్సీసైక్లిన్‌తో రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, పోల్చుకోకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఒళ్లంతా వెతికి చూసుకోండి, ఆ మచ్చ కనిపిస్తే డాక్టరుకి చూపించండి.

మా అబ్బాయికి ఉగాండాలో ఉద్యోగం వచ్చింది. అక్కడ జ్వరాలు ఎక్కువని భయంగా ఉంది. ఏం జాగ్రత్తలు చెప్పి పంపాలి?
— ఒక తల్లి, నెల్లూరు

రెండు పనులు ఇక్కడే చేసి పంపండమ్మా. ఒకటి, ఎల్లో ఫీవర్ టీకా. అది లేకపోతే ఆ దేశంలోకి రానివ్వరు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి, ఒక్క డోసు జన్మంతా చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఉంది, విశాఖలో పోర్టు హెల్త్ ఆఫీసులో ఉంది. పసుపు రంగు కార్డు ఇస్తారు, పాస్‌పోర్టుతో పాటు దాచుకోమనండి. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో కూడా అడుగుతారు. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు, కానీ దాన్ని మోసే ఏడిస్ దోమ ఇంటింటా ఉంది. ఒక్క రోగి దిగినా అంటుకుంటుందని అంత పట్టింపు.

రెండోది మలేరియా. అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది, ఎక్కువగా ఫాల్సిపారం. మన కొండల్లో పుట్టి పెరిగినవాళ్లకుండే కొద్దిపాటి ఓర్పు కూడా మీ నెల్లూరు అబ్బాయికి ఉండదు. వెళ్లబోయే ముందు నుంచే వేసుకునే నివారణ మాత్రలున్నాయి. ఎన్నాళ్లు ఉంటాడు, వేరే జబ్బులేమైనా ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఏది, ఎంతకాలం అన్నది డాక్టరు చెప్పాలి. మాత్రలు వేసుకుంటున్నా దోమతెర మానకూడదు. అనాఫిలిస్ రాత్రి కుడుతుంది కాబట్టి తెర దానికి బాగా పనిచేస్తుంది. జ్వరమొస్తే ఇంటి నుంచి పట్టుకెళ్లిన పారాసిటమాల్‌తో రెండు రోజులు చూద్దామనుకోకుండా, ఆ రోజే అక్కడి క్లినిక్కులో రక్తం ఇవ్వమనండి. అక్కడి డాక్టర్లు రోజూ చూసే జబ్బే, వైద్యం బాగా తెలుసు.

సెలవుకి వచ్చాక, వచ్చిన రెండు మూడు నెలల్లోపు జ్వరం తగిలితే, నెల్లూరులో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "ఉగాండా నుంచి వచ్చాను" అని అడగకముందే చెప్పమనండి. ఆ మాట తెలియకపోతే ఇక్కడ డెంగీ సీజను కదా అని ప్లేట్‌లెట్లు చూస్తూ కూర్చునే ప్రమాదముంది. ఫాల్సిపారంలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి.